చివరి చెయ్యి అందుకోనీ

ఇప్పుడు కూలీల ఊరేగింపుల్లో డప్పులు వాయించి మరీ పాడుతున్న ఆ పాట పుట్టింది కడుతున్న మేడ మెట్ల మీద, ఒక అత్తగారి గుండెదడలోంచి. ఆవిణ్ణి అందరూ మైకమ్మ అంటారు. ఆ గొంతుకి కరెంటుతో పనిలేదు.

ఆ రోజు స్లాబు వేస్తున్నారు. కింద మిక్సరు తిరుగుతోంది. ఆడవాళ్ళు మెట్టుకొకరు నిలబడి కాంక్రీటు తట్టలు చేతులు మార్చి పైకి పంపుతున్నారు. పాట జోరుగా ఉంటే చేతులూ జోరుగా ఆడతాయి. అందుకే మైకమ్మని వరస మొదట్లో నిలబెట్టాడు మేస్త్రి.

వరస నడుమ ఆవిడ కోడలు. ఐదో నెల. మేస్త్రికి తెలిస్తే ఆ పూటే పంపేస్తాడు. కొడుకేమో కాలు విరిగి మంచంలో ఉన్నాడు. అందుకే ఆ పిల్ల కొంగు నిండా కప్పుకుని, వద్దంటున్నా వినకుండా వచ్చింది.

ఎండెక్కేసరికి కోడలి చేతులు వణకడం మైకమ్మ కంటపడింది. తట్ట జారినా, పిల్ల తూలినా అంతే సంగతులు. ఆపుదామంటే ఎందుకని ఆరా తీస్తారు. పాట సాగదీసి నోటికొచ్చిన మాటలు కట్టింది:

“చివరి చెయ్యి అందుకోనీ, మొదటి చెయ్యీ ఆగవే
వెనక అడుగు చేరుకోనీ, ముందరడుగా ఆగవే”

చేతులన్నీ ఆ నిదానానికి దిగాయి. మేస్త్రికి ఒళ్ళు మండింది.

“ఏంటమ్మా, జోలపాటా? ఎవరు నీరసపడ్డారో చెప్పు, దింపేస్తా.”

“నా గొంతే పట్టేసింది బాబూ. ఇంకెవరిచేతన్నా పాడించుకో.”

పక్కామెని పాడమంటే, ఆవిడ అదే పాట మరింత సాగదీసింది. మేస్త్రి ఒక్కొక్కరి మొహంలోకి చూస్తూ మెట్లెక్కాడు. అందరూ ఒకేలా నెమ్మదిస్తే అలిసిందెవరో ఏం పోల్చుకుంటాడు? కోడలి ముందు ఆగాడు.

“కాస్త తప్పుకో అన్నా, దారికడ్డం” అంది పిల్ల, తట్ట అందిస్తూ.

కాంక్రీటు గట్టిపడుతోందని కిందనుంచి కేకేశారు. మేస్త్రి దిగిపోయాడు. పనయ్యాక మాత్రం మైకమ్మని ఇక రావద్దన్నాడు.

మర్నాడంతా ఆవిడ గుమ్మానికీ పొయ్యికీ మధ్య తిరుగుతూనే ఉంది. సాయంత్రం కోడలు వచ్చి చతికిలబడింది.

“మాకు ఆ పాట తప్ప ఇంకోటి రాదన్నాం అత్తయ్యా. జోరు పాటలు నీకే వచ్చని చెప్పాం. రేపు నిన్ను రమ్మన్నాడు మేస్త్రి.”

“మరి జోరుగా పాడమంటాడే?”

“నువ్వూ మర్చిపోయానని చెప్పు.”

మైకమ్మకి నవ్వు రాలేదు. కోడలి పొట్ట వైపు చూసి, కొంగు ఎంత లాగినా ఇక దాగేలా లేదనుకుంది. రేపు తన పక్క మెట్టు మీదే, తన చాటున నిలబడమని చెప్పింది.