దరువు పెట్టె

మా ఆయన ఆ పెట్టెను ఇంటికి తెచ్చిన రోజు నేను అడిగిన మొదటి మాట "ఎవరిచ్చిన్రు?" రెండో మాట "ఎందుకిచ్చిన్రు?" అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. కూరగాయల బండి దగ్గర టమాటాలు తిరగేసి చూడకుండా కొన్న రోజు నాకు గుర్తు లేదు. ఊరికే వచ్చిన వస్తువంటే అసలే నమ్మను.

అది పాత డ్రమ్ మిషను, జపాన్‌లో తయారైంది. ఒకప్పుడు పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రా నడిపిన మల్కాజ్‌గిరి ఆయన ఒకరు గల్ఫ్ నుంచి తెచ్చుకున్నాడట. చెడిపోయి అటక మీద పడి ఉంటే, బాగు చేస్తానని మా ఆయన మోసుకొచ్చాడు. ఆయన క్యాంపస్‌లో ల్యాబు పరికరాలు రిపేరు చేసే వర్క్‌షాపులో పనిచేస్తాడు. నేను అదే క్యాంపస్‌లో తెలుగు చెబుతాను. తార్నాకలో మా అద్దె ఇంట్లో ఉన్న ఒక్క డైనింగ్ టేబుల్ మీద ఆ పెట్టె చాలా రోజులు పొట్ట విప్పుకుని పడి ఉంది. మేం పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం.

బాగైన రోజు నన్ను పిలిచి మీటలు నొక్కాడు. ఎర్రవి, పసుపువి, తెల్లవి వరుసగా ఉన్నాయి. ఒకటి చప్పట్ల మోత అన్నాడు. మనుషులెవరూ అలా చప్పట్లు కొట్టరు. ఇంకొకటి ఆవు మెడలో గంటట. అలాంటి గంట కట్టిన ఆవును నేనెక్కడా చూడలేదు. ఆఖరున ఒక పెద్ద 'ధుమ్' వచ్చింది. అది నా చెవిని చేరే లోపే గ్లాసులో నీళ్ళు కదిలాయి. మా ఆయన అరచెయ్యి బల్లకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆ ముఖం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ కాపురంలో నా డోలక్ విని ఆయన ఒక్కసారీ అట్లా కళ్ళు మూసుకోలేదు.

"దీంట్ల ఎవరి చెయ్యి ఉన్నది?" అన్నాను.

"ఎవరిదీ లేదే. ఇది రికార్డు చేసింది కాదు. లోపల కరెంటే చప్పుడు చేస్తది."

"కరెంటుకు తాళం ఎవరు నేర్పిన్రు?"

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మేం ఆదివారాలు పోయే చర్చి మందిరంలో కీబోర్డు ఉంది. మీట నొక్కితే తబలా మోగుతుంది. ఎవరో తబలా ఆయనను ఒకరోజు పిలిచి వాయింపించుకుని ఉంటారు. ఆ తరువాత ఆయనను మళ్ళీ ఎవరు పిలిచి ఉంటారు? అది విన్నప్పుడల్లా నాకు ఆ మొహం తెలియని మనిషే గుర్తొస్తాడు.

మిషను కథ మా ఆయన ఎంతో మురిపెంగా చెప్పాడు. వచ్చిన కొత్తలో, ఇది నిజమైన డ్రమ్ములా లేదని ఎవరూ పెద్దగా కొనలేదట.

"అప్పటి జనానికి చెవులున్నయ్," అన్నాను.

ఎందుకో ఆయన మీటల మీద లేని దుమ్ము తుడిచాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. తయారు చేసినవాళ్ళు ఆపేశారట. పాత సామాన్ల దుకాణాల్లో చవగ్గా దొరికితే, విదేశాల్లో డ్రమ్ములు కొనలేని బీద బస్తీల పిల్లలు కొనుక్కుని దాని మీదే పాటలు కట్టారట. ఆ 'ధుమ్' మీద కొత్త కొత్త సంగీతాలే పుట్టాయట. ఇప్పుడు లోకంలో అది లేని పాట వెతుక్కోవాలన్నాడు. ఇదంతా మనిషి కల్పించి చెబుతున్నాడనుకున్నాను. కానీ ఆ తరువాత ఎక్కడికి పోయినా అదే వినిపించింది. షేర్ ఆటో సీటు కింద అదే. హబ్సిగూడ టిఫిన్ సెంటర్లో దోసెలు పోసే అతని ఫోన్లో అదే. క్యాంపస్ హాస్టల్ కిటికీల్లోంచి అదే. మా సందులో ఊరేగింపు డీజే బండి వస్తే, పైన తీన్‌మార్ మోగుతుంటే అడుగున ఇది గుద్దుతుంది. మా కిటికీ అద్దాలు గడగడలాడుతుంటే, మా ఆయన గేటు దగ్గర నిలబడి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూస్తుంటాడు. ఈ వయసులో ఇదేం సరదా అని నేను లోపలికి వచ్చి తలుపేసుకునేదాన్ని.

నా డోలక్ సంగతి చెప్పాలి. మా అమ్మ మా ఊరి ప్రార్థన గుడిసెలో కొట్టేది. ఆమె దగ్గరే నేర్చుకున్నాను. తార్నాక మందిరంలో మొదట్లో సంఘపెద్ద ఒప్పుకోలేదు. "ఆడమనిషి డోలక్ కొట్టుడేంది సిస్టర్" అన్నాడు. ఒక పండక్కి కొట్టేవాళ్ళు ఎవరూ రాకపోతే నేను కూర్చున్నాను. మళ్ళీ లేవలేదు. మా దగ్గర చెప్పులు బయట విడిచి వస్తాం. చాపల మీద ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు, ముందు చెక్క వేదిక. మా ఆయనది మంచి గొంతు. ఆయన చరణం ఎత్తుకుంటే అందరూ అందుకుంటారు. ఆయన అటు, నేను ఇటు. ఆదివారం పూట మా ఇద్దరి మధ్య మాట ఉండదు, పాటే ఉంటుంది. ఆ కాసేపూ నాకు ఆయన మీద ఏ అనుమానమూ ఉండేది కాదు.

మిషను రావడానికి కొన్నాళ్ళ ముందు నుంచి పాటలు జారిపోవడం మొదలైంది. చరణానికీ తాళానికీ కుదిరేది కాదు. పాట తప్పితే జనం పాడేవాళ్ళను చూడరు, డోలక్ వైపే చూస్తారు. సంఘపెద్ద కళ్ళజోడు పైనుంచి చూసేవాడు. నా చేతులే మందగించాయేమోనని ఇంట్లో ఒక్కదాన్నే కొట్టి చూసుకునేదాన్ని. సరిగ్గానే ఉండేవి. అయినా భయం పోయేది కాదు.

అలాంటి సమయంలో మా ఆయన పాస్టరుగారితో మాట్లాడి మిషనును మందిరంలోకి చేర్చాడు. పెద్ద స్పీకర్ డబ్బాను వేదిక మీద పెట్టి, తానూ దాని పక్కనే నిలబడ్డాడు. నన్ను "ఒకటి రెండు పాటలకు" కొట్టమన్నారు.

ఇంటికొచ్చాక అడిగేశాను. "నన్ను తీసేసెటందుకేనా?"

"తాళం గట్టిగ ఉండాలని, గంతే," అన్నాడు నా కళ్ళలోకి చూడకుండా.

ఆ మాట నన్ను కోసింది. అంటే ఆయన కూడా తప్పు నాదేననుకుంటున్నాడు. అక్కడి నుంచి ఆయన చేసే ప్రతి పనీ నాకు వంకరగానే కనిపించింది. వంటింట్లోంచి పిలిస్తే పలకడు. ఫోన్ వస్తే మేడ మీదికి పోయి మాట్లాడతాడు. రహస్యమే అయితే అంత గట్టిగా ఎందుకు అరుస్తాడో అర్థమయ్యేది కాదు. మల్కాజ్‌గిరి ఆర్కెస్ట్రా ఆయన దగ్గరికి పోతున్నానని చెప్పిన సాయంత్రం, నల్లకుంటలో కూరగాయలు కొంటున్న నాకు ఆటో దిగుతూ కనిపించాడు. నేను బండి వెనక్కి తప్పుకున్నాను. ఇంటికొచ్చాక "మల్కాజ్‌గిరిల ఏం చేసినవ్?" అంటే "ఆ, మంచిగనే ఉన్నడు" అన్నాడు. అడిగిందొకటి, చెప్పిందొకటి. ఇంకో ఇల్లు పెట్టాడా, లేక సంఘపెద్దతో కలిసి నన్ను డోలక్ దగ్గర నుంచి లేపే ఏర్పాటు చేస్తున్నాడా? రెండిట్లో నాకు రెండోదే ఎక్కువ బాధగా ఉండేది. ఇది ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారని చెప్పుకోలేదు.

తరువాత ఒక ఆదివారం, ఆరాధన సగంలో ఉండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. మిషను మీద వెలిగే చుక్కలు ఆరిపోయాయి. 'ధుమ్' మధ్యలో తెగింది. కీబోర్డు కూడా మూగబోయింది.

ఇంత సంతోషం నాకు ఈమధ్య కాలంలో కలగలేదు. దేవుడి మందిరంలో అనకూడదు గానీ, గెలిచానని అనుకున్నాను. డోలక్ ఒళ్ళోకి లాక్కుని పాట తెగకుండా అందుకున్నాను. ఆడవాళ్ళు చప్పట్లు కలిపారు. చెయ్యి ఎంత తేలిగ్గా ఆడిందో! చరణం వచ్చింది. మా ఆయన ఎత్తుకోవాలి.

ఎత్తుకోలేదు. చూశాను. ఆయన ముందువరసలో కూర్చున్న మనిషి పెదాల వైపు చూస్తున్నాడు. తరువాత నా చేతుల వైపు. ఒక్కడే ముందుకు పాడేసి, ఆగిపోయి, మళ్ళీ వెనక నుంచి అందుకోబోయాడు. ఉత్త కాలు చెక్క మీద అటూ ఇటూ జరుగుతోంది. బొటనవేలు చెక్కను తడుముతోంది. మిషను ఆగిపోయిన చోట నేలలో ఏదో పోగొట్టుకున్న మనిషిలా ఉన్నాడు. నా డోలక్ ఎంత గట్టిగా మోగుతోందో ఆ గోడలకు తెలుసు. ఆయనకు తెలియడం లేదు.

పలకని పిలుపులు, ఫోన్లో అరుపులు, బల్ల మీద అరచెయ్యి, ఛాతీ మీద చెయ్యి అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. గెలిచానన్న సంతోషం అక్కడే ఆరిపోయింది.

జనం తలలు తిరగడం మొదలైంది. ఈసారి నా వైపు కాదు, ఆయన వైపు. ఇంకొక్క చరణం తప్పితే వాళ్ళకూ తెలిసిపోతుంది. తెలిస్తే ఆయనను జాలిగా కూర్చోబెడతారు. ఆయన దగ్గర నుంచి పాట పోతుంది. నేను డోలక్ పట్టుకుని లేచి, చాపలు దాటి, మగవాళ్ళ ముందు నుంచి వేదిక ఎక్కాను. ఒళ్ళో పెట్టుకోలేదు. గుడ్డ కూడా వెయ్యకుండా ఉత్త చెక్క మీద దించి, మోకాలితో అదిమి, ఎడమవైపు లావు చర్మం మీద అరచేత్తో కొట్టాను. చెక్క అదిరింది. మళ్ళీ కొట్టాను. ఆయన వేళ్ళు కదలడం ఆపాయి. పాదం మొత్తం నేలకు ఆనింది. నన్ను చూశాడు. చరణం ఎత్తుకున్నాడు, సరిగ్గా తాళం మీద.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర పట్టుకున్నాను. నా పెదాలు కనబడేలా ఎదురుగా నిలబడి, పక్కవాళ్ళకు వినబడకుండా అడిగాను.

"ఎప్పటి సంది?"

"పోయిన ఎండకాలం సంది. ముందు సన్న చప్పుళ్ళు పోయినయ్. నల్లకుంటల చెవుల డాక్టరుకు చూపిస్తున్న. చెవికి మిషను పెట్టుకోవాలె అన్నడు. పెట్టుకుంటే అందరికి కనవడ్తది, పాడనియ్యరేమోనని..."

"వాళ్ళకు చెప్పకపోతివి సరే. నాకెందుకు చెప్పకపోతివి?"

ఆయన చెప్పులో కాలు పెట్టబోయి తీశాడు.

"నీ డోలక్ నాకు వినవడ్తలేదని నీకెట్ల చెప్పాలె?"

నేను ఏడ్చాను. చెప్పుల మధ్య, అందరూ చూస్తుండగానే.

మర్నాడే నల్లకుంట వెళ్ళాం, ఇద్దరం. చెవి మిషను వచ్చేదాకా, వచ్చాక అలవాటయ్యేదాకా, దరువు పెట్టె వేదిక మీదే ఉంటుందన్నాను. దాని మీద నాకిప్పుడు కోపం లేదు. పూర్తి నమ్మకమూ లేదు. కరెంటు మీద బతికేదాన్ని ఎంతవరకు నమ్మగలం? అందుకని నేనూ వేదిక మీదికే మారాను. మోకాళ్ళ నొప్పి, కింద కూర్చోలేకపోతున్నానని అందరికీ చెప్పాను. వేదిక మీద కూడా కిందే కూర్చుంటానని సంఘపెద్ద ఒక్కడే కనిపెట్టాడు. ఆరాధన తరువాత కళ్ళజోడు పైనుంచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏందో సిస్టర్, నాకు అనుమానంగున్నది."

"పాట తప్పిందా?"

"తప్పలే."

"మరింకేంది?" అని డోలక్ భుజానికి తగిలించుకున్నాను.