మోకాలు దించాలా, వద్దా

వెర్నా టాకెట్ పగలు బడి బస్సు నడిపేది. సాయంత్రం పన్నెండేళ్లలోపు ఆడపిల్లలకి బేస్‌బాల్ లాంటి సాఫ్ట్‌బాల్ ఆట నేర్పేది. ఓక్లహోమాలోని ఆ చిన్న ఊళ్లో ముప్పై ఏళ్లుగా బ్యాటర్ వెనక బంతి పట్టిన క్యాచర్లంతా దాదాపు ఆమె చేతి మీదుగా వచ్చినవాళ్లే. ఆమె పద్ధతి ఒక్కటే: రెండు పాదాల మీద గొంతుకూర్చోవాలి, మోకాలు నేలకి తగలకూడదు. అలా కూర్చుని కూర్చునే ఆమె మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చేది.

ఆ ఏడు ఆమె క్యాచర్ టెస్సా, పదకొండేళ్ల పిల్ల. తండ్రి డ్వేన్ చిన్నప్పుడు వెర్నా బస్సెక్కినవాడే. కూతురికి తుల్సా నగరంలో ఓ కుర్ర కోచ్ దగ్గర పాఠాలు పెట్టించాడు. అక్కడ ఒక మోకాలు నేలకి ఆనించమంటారు.

"ఒరే డ్వేన్, మోకాలు దించితే రెండో బేస్‌కి పరిగెత్తేదాన్ని ఎలా ఆపుతుందిరా? ఇది లేచి బంతి విసిరేసరికి అది అక్కడ దుమ్ము దులుపుకుంటుంటుంది."

"కాలేజీ పిల్లలంతా ఇప్పుడిలాగే కూర్చుంటున్నారు వెర్నా గారూ. మీరు టీవీ చూడరా?"

"చూస్తాను. వాళ్లని దాటిపోయే బంతులు కూడా చూస్తాను."

"మీ మోకాళ్లు అలా అయ్యాక కూడా నా కూతుర్ని అలాగే కూర్చోమంటారా?"

ఈసారి మాట మార్చడం కుదరక వెర్నాకి కోపమొచ్చింది. "నా జట్టులో ఆడినంతకాలం నా పద్ధతే" అని విసురుగా వెళ్లిపోయింది.

జూన్‌లో ఒక పోటీ. చివరి ఇన్నింగ్స్, మూడో బేస్ మీద అవతలి జట్టు పిల్ల, బంతి తప్పితే పరుగు వాళ్లదే. కంచె అవతల్నించి డ్వేన్ "మోకాలు దించు!" అని అరిచాడు. ఇటునించి వెర్నా "పాదాల మీదుండు!" అంది. టెస్సా సగం దించి, సగం లేచింది. నేలకి కొట్టుకుని ఎగిరిన బంతి గ్లవ్‌ లేని చేతికి తగిలింది. బొటనవేలు విరిగింది.

ఆసుపత్రి వరండాలో ఇద్దరూ కాసేపు ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. వెర్నా లోపలికెళ్లి టెస్సా మంచం పక్కన కూర్చుంది.

"ఏమైందే తల్లీ, బంతి సరిగ్గా కనపడలేదా?"

"మీ ఇద్దరి గొంతులే వినపడ్డాయి కోచ్. బంతిని చూడనేలేదు."



రెండు వారాల తర్వాత వెర్నా ఎవరికీ చెప్పకుండా తుల్సా వెళ్లి, ఆ కుర్రాడి పాఠం చివరిదాకా చూసింది. అతను చెప్పేదాంట్లో సగం సబబుగానే ఉంది. మిగతా సగం ఆమెకి ఇప్పటికీ మింగుడుపడలేదు. ఊరికొచ్చి పిల్లలకి రెండు విధాలూ చూపించి, ఏది కుదిరితే అలా కూర్చోమంది. డ్వేన్‌తో మాత్రం, "ఇకమీదట ఆట జరుగుతుండగా నేను అరవను. నువ్వూ అరవకు" అంది. అతను తలూపాడు.

ఆగస్టుకి టెస్సా వేలు అతుక్కుంది.

"క్యాచర్ సామాను తెచ్చాను, తొడుక్కుంటావా?" అంది వెర్నా.

"వద్దు కోచ్. దూరంగా ఎడమ మైదానంలో ఆడతాను. అక్కడికి ఎవరి కేకలూ వినపడవు."

ఆ పిల్లలాంటి క్యాచర్ వెర్నాకి పదేళ్లలో దొరకలేదు. అయినా బతిమాలలేదు. జట్టు కాగితంలో టెస్సా పేరు ఎడమ మైదానానికి మార్చి రాసి, సామాను సంచీ తీసుకెళ్లి కారులో పడేసి, ఆట మొదలయ్యేదాకా ఆ కారు పక్కనే నిలబడిపోయింది.