బొప్పాయి నల్లిని పట్టింది నేను, పేరు సుజాతకు

2022 ఎండాకాలం. నేను ఆత్మకూరులో హార్టికల్చర్ అసిస్టెంటును, సుజాత ఉదయగిరిలో. ఇద్దరం ఒకే బ్యాచ్. ఊళ్ళు పంచినప్పుడు దుత్తలూరు నాకు పడింది. అయినా అక్కడి రైతులు ఫోన్ చేసేది సుజాతకే. ఆమె నవ్వుతూ మాట్లాడతాదంట, నేను మూతి ముడుచుకుంటానంట. నాకు ఒళ్ళు మండేది.

అక్కడ దేవదానం అనే రైతు బోరు కింద బొప్పాయి వేసినాడు. కూతుర్ని నర్సింగులో చేర్చాలనే ఆశంతా ఆ తోట మీదే. నేను పోయేసరికి కాయలన్నిటికీ తెల్లగా పిండి పట్టి ఉండాది.

"పోయినేడు బెండలో ఇదే వచ్చింది మేడం. మందు కొడితే పోయింది. ఈసారి ఎంత కొట్టినా పోలా. రేపు పీకేస్తాండా."

అందరూ చేసే పొరపాటే అది. రెండూ పొలుసు పురుగుల వంశమే, రెంటినీ పిండినల్లి అనే అంటారు. లెన్స్‌లో చూస్తే బెండ నల్లికి వీపు మీద నల్ల మచ్చలుంటాయి. దీనికి లేవు, పిండి కింద ఒళ్ళంతా పసుపు. స్పిరిట్‌లో వేసి పెట్టినాను, నల్లబడింది. బొప్పాయి నల్లే. దీన్ని తినేసే పారసైటాయిడ్, అంటే నల్లి కడుపులో గుడ్లు పెట్టే, కంటికి ఆనని కందిరీగ, వేరే ఉండాది. మందు కొడితే ముందు చచ్చేది అదే.

పీకొద్దు, మందు ఆపమని బతిమాలినాను. అరగంట వాదించి, సరేనన్నాడు.

నేను తెప్పించిన కందిరీగల డబ్బా ఆత్మకూరుకు వచ్చిన రోజు మా పాపకు జ్వరం. మీటింగుకొచ్చిన సుజాత, దుత్తలూరు తను పోయే దోవే కదా అని డబ్బా తీసుకుపోయి తోటలో వదిలింది. వానలు పడే నాటికి చెట్లు తేరుకున్నాయి. కాపు నిలబడింది, పిల్ల నర్సింగులో చేరింది.

ఉదయగిరిలో రైతుల మీటింగు పెట్టినప్పుడు దేవదానం మైకు తీసుకున్నాడు.

"సుజాతమ్మను దేవుడే పంపినాడు. ఆ డబ్బా తేకపోతే నా తోట లేదు."

నేను ముందు వరసలోనే కూర్చోని ఉన్నాను. సుజాత లేచి, "పురుగును పట్టింది నేను కాదు, మా పద్మ" అని నన్ను చూపించింది. చప్పట్లు మోగినాయి. ఎంత మంచి మనసో అని నా వెనక ఒకామె అనింది, సుజాతను చూసి.

ఏడుపొచ్చింది నాకు. అబద్ధం చెప్పుంటే హాయిగా తిట్టుకునేదాన్ని, ఆ అవకాశం కూడా ఇయ్యలా.

జబ్బేందో చెప్పినవాళ్ళను రైతు మర్చిపోతాడు, మందు చేతికిచ్చినవాళ్ళను మర్చిపోడు. ఆ కేసు నాకు నేర్పింది ఇదే. మొన్న కలువాయిలో ఇంకో తోటకు కందిరీగల డబ్బా పోవాల్సి ఉంటే, నేను తీసుకుపోతాలే పద్మా అనింది సుజాత. వద్దులేమ్మా అని బస్సెక్కినాను.