చిన్నాయన వేసిన అడ్డుకట్ట

పోయిన మంగళవారం ఆత్మకూరు బస్టాండులో ఉండగా పిన్నమ్మ ఫోను చేసింది. "మీ చిన్నాయన పోయినాడు రా," అంది. అంతే. మా ఊరు వరికుంటపాడు దాకా బస్సులో ఏడుస్తూనే వెళ్లాను. ఎవరు చూస్తే నాకేంటి?

మాది మెట్ట ఊరు. బోర్లు ఎండిపోతే చిన్నాయన సముద్రపు ఒడ్డుకు పోయి, ఓడల నుంచి కారిన చమురును ఆపే పనిలో చేరాడు. "చుక్క నీళ్లు పడనోడికి దేవుడు సముద్రమే ఇచ్చినాడు, తాగను పనికిరాదు గానీ," అని నవ్వేవాడు.

ఒక ఏడు నడిసముద్రంలో ఓడ నుంచి చమురు కారి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కాపలా చిన్నాయనది. ఊళ్లో కాలువకు గండి పడితే ఏం చేస్తాం? అడ్డంగా కట్ట వేస్తాం. ఆయనా అదే చేశాడు. చమురును ఆపడానికి నీటిమీద తేలేసే పొడవాటి గొట్టంలాంటి బూమును ఏటికి అడ్డంగా, తిన్నగా కట్టాడు. పోటు ఎక్కింది. చమురు బూము కిందుగా జారి లోపలికి పోయి, ఏట్లో ఎండ్రకాయలన్నీ చచ్చాయి. ఐమూలగా కట్టి ఉంటే చమురు ఒక పక్క ఒడ్డుకు చేరేది, తోడిపోసేవాళ్లు. ఆ సంగతి ఆయనకు తర్వాత తెలిసింది.

ఆ ఏట్లో ఎండ్రకాయలు పట్టుకుని బతికే ముసలామె, మడచెట్ల వేళ్లకంటిన నల్లజిడ్డును కొంగుతో తుడుస్తూ కూర్చుందట. తప్పు తనదేనని చిన్నాయన చెబితే, "మెట్టోడివి, నీకేం తెలుసు నాయనా," అందట. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అన్నాడో.

తర్వాత చిన్నాయన ఎండ్రకాయ ముట్టలేదు. పని మానుకుని ఊరికొచ్చాక కూడా ఏటా ఉదయగిరి సీతాఫలాలు సంచిలో వేసుకుని ఆమె దగ్గరికి పోయేవాడు. "ఎండ్రకాయలు వచ్చినాయా అవ్వా?" అని అడగడానికే. ఆమె తల అడ్డంగా ఊపేది.

నేను ఎవరితోనైనా తగువు పడితే, "ఎదురు నిలబడొద్దు రా, పక్కకు దారి చూపించాల," అనేవాడు. "మొదలైందా నీ బూము పురాణం," అని ఎగతాళి చేసేవాణ్ణి.

కిందటేడు ఆయన కాళ్లు పడిపోయాయి. "ఆ అవ్వను ఒక్కసారి పోయి అడిగిరా రా," అన్నాడు. వచ్చే వారం పోతాలే అన్నాను. ఎన్ని వచ్చేవారాలు గడిచాయో.

మట్టి చేసిన మూడోనాడు, చర్చి నుంచి అందరం ఇంటికొచ్చేసరికి అరుగు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పక్కన తడి గోనె కప్పిన బకెట్టు.

"బూము నాయన ఇల్లు ఇదేనంట. ఈ ఏడు రాలేదే, ఒళ్లు బాగలేదా? ఎండ్రకాయలు వచ్చినాయని చెబుదామని నేనే వచ్చినా."

"ఎప్పుడు వచ్చినాయి అవ్వా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"పోయిన వానలకే నాయనా."

పిన్నమ్మ లోపల పూలదండ వేసిన ఫొటో చూపించింది. ముసలామె బకెట్టు తీసుకుపోయి ఫొటో ముందు పెట్టి, గోనె తీసింది. ఎండ్రకాయలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతూ బకెట్టు అంచును గోకుతున్నాయి.