తొమ్మిదో ఫారం లేని పుస్తకంతో కాజీపేట దాకా

శనివారం ఉదయం ఆరున్నరకు సైనిక్‌పురిలో ఇంటికి తాళం వేసేసరికి నా సంచిలో రెండు జతల బట్టలు, ఒక నీళ్ల సీసా, ప్లాస్టిక్ సీలు వేసిన రెండు పుస్తకాలు ఉన్నాయి. రెండూ ఒకటే పుస్తకం. ఒక కాపీ నాది, ఒకటి మా అక్క కూతురు మేఘనది. ఆ సీళ్లు విప్పకుండా వాటిని కాజీపేట చేర్చడమే ఈ ప్రయాణంలో నా పని. ఇంత సులువైన పని ఎవరికైనా అప్పజెప్పవచ్చు, నాకు తప్ప.

నాకు నలభై మూడేళ్లు. ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటాను. పిల్లల కోసం రాసిన మాయాలోకపు నవలలంటే ప్రాణం. ఈ సంగతి ఇంట్లో అందరికీ నవ్వులాట. మేం చదువుతున్న ‘ఊపిరికోట’ మూడు భాగాల నవల. గాలి వీచడం మానేసిన ఒక దేశంలో, మిగిలిన కాస్త గాలినీ కుండల్లో పట్టి దాచే సంపంగి అనే పదిహేనేళ్ల పిల్ల కథ. మొదటి భాగం నిరుడు నేనూ మేఘనా ఎవరి కాపీ వాళ్లం చదివాం. రైల్వేలో పనిచేసే మా బావగారికి అప్పుడే మౌలాలి నుంచి కాజీపేటకు బదిలీ అయింది. కొత్త బడిలో మేఘనకు ఇంకా ఎవరూ జత కుదరలేదు. రోజూ బడి నుంచి రాగానే నాకు ఫోన్ చేసి, ఆ రోజు చదివిన పేజీల కబుర్లన్నీ చెప్పేది. ఒక రోజు నేను నోరు జారాను. కథలో దీపాలమ్మ చచ్చిపోతుందని, మేఘన ఆ పేజీకి రాకముందే చెప్పేశాను. వెంటనే ఫోన్ పెట్టేసింది. ఇరవై మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఇరవై మూడు సాయంత్రాలూ నాకు ఏమీ తోచలేదు.

అందుకే రెండో భాగం వస్తోందని తెలియగానే మేఘన షరతు పెట్టింది. రెండు కాపీలూ నేనే కొనాలి. సీలుతోనే తేవాలి. ఇద్దరం ఒకేసారి, ఒకే గదిలో మొదలుపెట్టాలి. ఒట్టు వేశాను. శుక్రవారం సాయంత్రం రాంగోపాల్‌పేట్‌లోని ఒక కొట్టులో, నా కళ్ల ముందే విప్పిన కొత్త కట్టలోంచి పైరెండూ తీసి ఇచ్చారు. సీళ్ల ఫోటో మేఘనకు పంపాను. “ఈసారి మాట తప్పితే నీతో పుస్తకాలే చదవను” అని జవాబు వచ్చింది. నవ్వు బొమ్మ ఏమీ లేదు.

సైనిక్‌పురి చౌరస్తాలో బస్సు ఆరూ నలభైకి దొరికింది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, జీరో టికెట్టు ఇస్తారు కాబట్టి ఆధార్ కార్డు చేతిలో ఉంచుకుని ఎక్కండి, కండక్టరుకూ మీకూ సుఖం. ఏడుంబావుకు సికింద్రాబాద్‌లో దిగి, స్టేషన్ ఎదురుగా ఇడ్లీ, వడ తిన్నాను. వడ బాగుంది, చట్నీ పలచన. స్టేషన్‌లో పనులు జరుగుతున్నాయి. ఏ వైపు నుంచి లోపలికి వెళ్లాలో ముందే అడగండి, నేను ఒక చుట్టు అనవసరంగా తిరిగాను. ఏడూ యాభైకి రావలసిన ఎక్స్‌ప్రెస్ నలభై నిమిషాలు లేటన్నారు.

ఆ నలభై నిమిషాలే కొంప ముంచాయి.

అట్ట మీది బొమ్మ చూద్దామని నా కాపీ బయటికి తీశాను. ప్లాస్టిక్ మీద వెలుగు పడి బొమ్మ సరిగా కనపడలేదు. ప్లాస్టిక్ తీసేస్తే కనపడుతుంది కదా అనిపించింది. తీశాను. తీశాక వెనక అట్ట చదవడంలో తప్పేముంది? చదివాను. మొదటి పేజీ ఎలాగూ మేఘన దగ్గర మళ్లీ చదువుతాను, ఇప్పుడొకసారి చూస్తే నష్టమేముంది? రైలు వచ్చేసరికి ముప్పై అయిదో పేజీలో ఉన్నాను.

మూడు భాగాల నవలలో రెండోదంటే నాకు మొదటి నుంచీ మక్కువ. మొదటి భాగానికి అందరినీ పరిచయం చేసే బరువుంటుంది. మూడోదానికి అన్నీ సర్ది ఇల్లు చక్కబెట్టే బరువు. రెండోదానికి ఈ తిప్పలేవీ లేవు. మనకు ఇష్టమైన వాళ్లనందరినీ తీసుకుపోయి పీకల దాకా కష్టాల్లో దింపడమే దాని పని. ఇది ఆ పనిని మొదటి పేజీ నుంచే మొదలుపెట్టింది. కుండలు పగిలిపోయాయి. దాచిన గాలి దొంగల పాలైంది. సంపంగి ఒక్కతే ఊపిరికోట మెట్లు ఎక్కుతోంది, ఆ మెట్లు విరిగి ఉన్నాయి.

మౌలాలిలో యాభయ్యో పేజీ. ఘట్‌కేసర్‌లో అరవై ఆరు. భువనగిరి గుట్టను కిటికీలోంచి చూడమని మీకు చెప్పగలను కానీ నేను చూడలేదు, తొంభయ్యో పేజీలో చీకటి సొరంగంలో ఉన్నాను. ఎదుటి సీట్లో జామకాయలు తింటున్న పెద్దావిడ నా వంక జాలిగా చూసి, “ఏం పరీక్ష బిడ్డా? గంత సదువుతున్నవ్?” అంది.

“పరీక్ష కాదండీ, కథ” అన్నాను.

“కథకేనా గా చెమటలు!” అని ఒక జామకాయ నా చేతిలో పెట్టింది.

ఆలేరు దాటాక నూట ఇరవై ఎనిమిదో పేజీ అడుగుకు వచ్చాను. సంపంగి వెనక నుంచి ఎవరో దాన్ని చిన్ననాటి ముద్దుపేరుతో పిలిచారు. ఆ పేరు తెలిసినవాడు లోకంలో నీలకంఠం ఒక్కడే. వాడు మొదటి భాగంలోనే అగాధంలో పడిపోయాడు. సంపంగి వెనక్కి తిరిగింది. నేను ఎదుటి పేజీకి వెళ్లాను.

అది నూట నలభై అయిదో పేజీ.

చటుక్కున పుస్తకం మూసేశాను. కళ్లు కూడా మూసుకున్నాను, ఒక్క ముక్క కంటపడినా అంతా పోతుందని. తర్వాత అంకెలు మాత్రమే చూస్తూ మళ్లీ తెరిచాను. పదహారు పేజీలు లేవు. చిరగలేదు, ఎవరూ పీకలేదు, అసలు పుట్టుకతోనే లేవు. “అయ్యయ్యో!” అని పైకే అన్నట్టున్నాను.

పక్క సీట్లో కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన ఇటు తిరిగాడు. “ఏమైందమ్మా? గట్ల పరేషాన్ అయితున్నరు?”

చెప్పాను. “జెర ఇట్లియ్యున్రి” అని పుస్తకం తీసుకుని, వీపు కుట్టు మీద వేలు నడిపి లెక్కపెట్టాడు. “తొమ్మిదో ఫారం పడలే. ఒక్క పెద్ద కాగితం మడిస్తె ఒక ఫారం, దాంట్ల పదహారు పేజీలు. నలభై ఏండ్లు గిదే పని చేసిన, రాంగోపాల్‌పేట్‌ల బైండింగ్.” ఆయన పేరు యాదగిరి. జనగామలో ఉన్న కూతురింటికి వెళ్తున్నాడు.

“ఎలా తప్పుతుందండీ ఇలా?”

“పొడుగు బల్ల మీద ఫారాలు కుప్పలు కుప్పలు పెడ్తరు. బల్ల సుట్టూ నడుసుకుంట ఒక్కో కుప్పల నుంచి ఒక్కోటి ఎత్తాలె. ముచ్చట్ల పడ్డమనుకోరి, ఒక పుస్తకంల రెండు ఎత్తుతం, ఎంబడి వచ్చేదాంట్ల మర్చిపోతం. నేను సుత చేసిన, అబద్ధమెందుకు?” అని నవ్వాడు. “దీనెంబడి ఇంకోటి కొన్నరా?”

సంచిలోంచి మేఘన కాపీ తీసి చూపించాను. ఒకే కట్టలోవని చెప్పాను.

“అయితే దాంట్ల రెండుంటయ్. లేకుంటే అది సుత తక్కువుంటది. సీలు ఇప్పి సూడున్రి, తెలుస్తది.”

ఆయన అంత తేలిగ్గా అనేశాడు. ఆ పదహారు పేజీలూ నా ఒళ్లోనే, పలచని ప్లాస్టిక్ కింద ఉండి ఉండవచ్చు. గోరు తగిలిస్తే చాలు. చేతులు నిజంగానే అటు వెళ్లాయి. ఇరవై మూడు రోజులు గుర్తొచ్చి మళ్లీ సంచిలో పెట్టేశాను.

“అది మా అక్క కూతురిదండీ, పద్నాలుగేళ్ల పిల్ల. విప్పనని ఒట్టేశాను.”

“పద్నాలుగేండ్ల పోరికి భయపడుతున్నవా తల్లీ?”

“భయమేనండీ.”

జనగామలో దిగుతూ ఆయన మరో మాట చెప్పాడు. “రెండుంటే ఒకటి తియ్యొచ్చు. పేజీలు కొయ్యకున్రి. ఫారం నడుమ దారం కోసి మెల్లగ గుంజితే జిగురు ఇడిసి వస్తది.”

జనగామ నుంచి కాజీపేట దాకా యాభై నిమిషాలు. చేతిలో పుస్తకం ఉండి కూడా చదవకుండా కూర్చున్నాను. చెప్పకపోతే ఏమవుతుందని ఆలోచించాను. నా కాపీ కొట్టువాడే సీలు లేకుండా ఇచ్చాడనవచ్చు. కానీ రెండు సీళ్ల ఫోటో నేనే పంపాను. అయినా ఆ లెక్కలు వేస్తున్నందుకే నా మీద నాకు కోపం వచ్చింది.

పదకొండుకు పది నిమిషాల ముందు దిగాను. మేఘన పరుగెత్తుకుంటూ వచ్చింది, వెనక బావగారు. అది ముందు తన కాపీ తీసుకుని సీలు నాలుగు వైపులా చూసుకుంది. దాని మొహం వెలిగిపోతోంది. ఇంకో నిమిషం ఆగితే చెప్పలేనని, “నాది విప్పేశాను. నూట ఇరవై ఎనిమిది పేజీలు చదివాను” అన్నాను.

“మళ్లీనా పిన్నీ?”

ఆ రెండు మాటలకు నాకు ప్లాట్‌ఫాం మీదే తల కొట్టేసినట్టయింది. లేని పేజీల సంగతి చెప్పాను. నా కాపీ తిప్పి చూసింది.

“పేజీలన్నీ ఉంటే నాకు చెప్పేదానివేనా?”

“తెలియదు” అన్నాను. నిజంగానే తెలియదు.

నా కాపీ తన చంకలో పెట్టుకుంది. “నీ బుక్ నా దగ్గరే ఉంటది. నేను మొత్తం చదివినంక ఇస్తా.” ఈసారి మాట్లాడడం మానెయ్యనందుకే సంతోషించాను.

ఇంటికి వెళ్లి, అందరం చూస్తుండగా మేఘన తన కాపీ సీలు విప్పింది. నేరుగా నడిమికి తిప్పింది. నూట నలభై నాలుగో పేజీ తర్వాత మళ్లీ నూట ఇరవై తొమ్మిది! తొమ్మిదో ఫారం రెండుసార్లు ఉంది. యాదగిరి గారు రైల్లో కూర్చుని చెప్పింది చెప్పినట్టు జరిగినందుకు నేను కేక వేశాను. మేఘన కూడా పగలబడి నవ్వింది. అంతలో కోపంగా ఉన్నానన్న సంగతి గుర్తొచ్చి, రెండు పుస్తకాలూ పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

కాజీపేటలో చుట్టాలు లేనివాళ్లు హనుమకొండలో లాడ్జి తీసుకోవడం మేలు. పదిహేను నిమిషాల్లో ఆటో చేరుస్తుంది. ఆ సాయంత్రం అక్క నన్ను వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లింది. నల్లరాతి స్తంభాల మీది నునుపు చూసి తీరవలసినదే. కానీ నా మనసంతా ఆ మూసిన తలుపు దగ్గరే ఉంది. మేఘన చేతిలో ఇప్పుడు నా నిరుటి ఆయుధమే ఉంది. నీలకంఠం బతికున్నాడనో లేడనో ఒక్క మాట అంటే చాలు, లెక్క సరిపోతుంది. అంటే నేను నోరెత్తడానికి కూడా లేదు.

గదిలోంచి అప్పుడప్పుడూ “అమ్మో!” అని కేకలు వినిపించేవి. ఒకసారి మంచినీళ్లకు బయటికి వచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆదివారం ఉదయం ఉప్మా తింటూ నా వంక చూసి నోరు తెరిచింది. నేను చెవులు మూసుకున్నాను. అది నోరు మూసేసి ఉప్మా తినేసింది. “ఏం మరదలా, దెయ్యం పట్టిందా మీ ఇద్దరికీ?” అన్నారు బావగారు.

మధ్యాహ్నానికి మేఘన చదవడం అయిపోయింది. చిన్న కత్తెర తెచ్చి, దారం ఎక్కడ కోయాలో నన్నే అడిగింది. యాదగిరి గారు చెప్పినట్టే కోసి లాగితే పదహారు పేజీలూ ఒక్క చిరుగు లేకుండా చేతిలోకి వచ్చాయి. వాటిని నా పుస్తకంలో వాటి చోట పెట్టింది. కానీ పుస్తకం ఇవ్వలేదు.

మూడూ పదికి తిరుగు రైలు. కిటికీ పక్క సీటు దొరికింది. రైలు కదలబోతుండగా మేఘన కిటికీ చువ్వల మధ్య నుంచి పుస్తకం ఇచ్చింది.

“కోపం పోయిందా?” అన్నాను.

“సగం.”

“ఏమైనా చెప్తావేమోనని రెండు రోజులూ హడలిపోయాను.”

“చెప్దామనే అనుకున్నా” అంది. రైలు కదిలింది.

ఆ తర్వాత స్టేషన్లేవీ నాకు తెలియవు. నూట ఇరవై తొమ్మిదో పేజీలో నీలకంఠానికి ఏమైందో ఇక్కడ రాయను. ఆ మాత్రం బుద్ధి నాకు వచ్చింది. పదహారు విడి పేజీలు గాలికి ఎగరకుండా మోచేత్తో అదిమి పెట్టుకుని చదివాను. ఒకచోట గట్టిగా నవ్వాను, రెండు చోట్ల ఏడ్చాను. టీ అబ్బాయి పిలిచినా వినపడలేదు. వినపడకపోవడం మంచిదేనని ఎదుటివాళ్లు తర్వాత చెప్పారు, టీ బాగాలేదట.

మౌలాలి దగ్గర రైలు ఎప్పటిలాగే ఆగిపోయింది. సిగ్నలు ఇవ్వలేదట. అందరూ రైల్వేను తిట్టుకుంటున్నారు. నేను మాత్రం కదలొద్దని మొక్కుకుంటున్నాను, ఇంకా ఇరవై పేజీలున్నాయి. ఆరుకు పది నిమిషాలుండగా చివరి పేజీ చదివాను. ఇంత ఘోరమైన చోట ఆపే హక్కు ఏ రచయితకైనా ఎవరిచ్చారో నాకు తెలియదు. మేఘనకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

“అయిపోయిందా?”

“అయిపోయింది.”

“అబ్బా! పొట్ట పగిలిపోతుంది పిన్నీ! చెప్పకుండ ఉండుడు ఇంత తక్లీఫ్ అనుకోలే. ఇప్పుడు మాట్లాడొచ్చా?”

“మాట్లాడు తల్లీ.”

ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. నేనూ మాట్లాడాను. ఇద్దరం ఒకేసారి అరిచాం. నిరుటి సాయంత్రాలన్నీ తిరిగి వచ్చినంత సంబరంగా ఉంది నాకు. ఎదుటి సీట్లో వాళ్లు నన్ను చూసి నవ్వుకుంటున్నారు, నవ్వుకోనీ. చివరికి మేఘన కాస్త ఆగి, “మూడోది వచ్చినప్పుడు నువ్వే ముందు చదువు పిన్నీ” అంది.

“నేనా?”

“ఆ, నువ్వే. ఫారాలన్నీ ఉన్నయా లేవా చూసి పట్టుకురా. ఏం చెప్పకు, అంతే.”

“చెప్పను.”

“తెల్సు” అంది.

ఇంతలో రైలు కదిలింది, జనం సామాన్లు దించుకోవడం మొదలుపెట్టారు.