శనివారం నూరిన కత్తి

కోత మొదలయ్యే వారం కదా, తెల్లారగానే మా మనవడు పెరట్లో కూర్చుని చెరకు కత్తికి ఆకురాయి పెడుతున్నాడు. ఆ గరగర చెవిన పడితే చాలు, నా చేతిలో పని ఆగిపోతుంది. ఇవాళ ఏ వారమని వేళ్ళు మడిచి చూసుకుంటాను. సోమవారమని తేలాక గానీ మళ్ళీ చెయ్యి కదలదు. ఈ అలవాటు నాకు నరసమ్మ పిన్ని వల్ల వచ్చింది. ఆమెను కళ్ళారా చూసినవాళ్ళు ఈ ఫిజీలో, లంబాసా చుట్టుపక్కల, నేను తప్ప ఇప్పుడెవరూ మిగల్లేదు. అందుకే నాకొచ్చిన నాలుగు అక్షరాలతో రాస్తున్నాను.

గిర్మిట్ రోజులవి. ఐదేళ్ళ ఒప్పందానికి వేలిముద్ర వేసి ఓడెక్కి వచ్చినవాళ్ళం. చెరకు తోట పక్కన పొడుగాటి కొట్టాం ఒకటి, దాన్ని గదులు గదులుగా విడగొట్టి మమ్మల్ని ఉంచారు. దాన్నే లైను అనేవాళ్ళం. గదికీ గదికీ మధ్య గోడ పైకప్పుదాకా ఉండదు. ఒక గదిలో దగ్గితే నాలుగో గదిలో వినపడేది. మగవాళ్ళు ఎక్కువ, ఆడవాళ్ళు తక్కువ, చాడీలకు కొదవ లేదు. ప్రతి మగవాడి దగ్గరా మూరెడు కత్తి.

నరసమ్మ పిన్ని విశాఖ వైపు మనిషి, నాకంటే మూడేళ్ళ ముందు వచ్చింది. చుట్టం కాదు. మన మాట మాట్లాడుతోందని మొదటిరోజే పిన్నీ అన్నాను, అదే నిలిచిపోయింది. ఆమె గది గుమ్మం ముందు ఏటి నుంచి తెప్పించిన పెద్ద సానరాయి సగం భూమిలో పాతి ఉండేది. లైను మొత్తానికి మంచి రాయి అదొక్కటే. ఆదివారం పొద్దుగూకే వేళ అందరూ వచ్చి నూరుకునేవారు, మర్నాడు పని కనుక. అప్పుడు ఆమె తలెత్తి కూడా చూసేది కాదు. శనివారం ఎవరైనా వస్తే మాత్రం పొయ్యి వదిలి లేచి వచ్చేది. ఆదివారం కోత లేదు. కోత లేని రోజుకి పదునెందుకు?

అలా ఒక శనివారం ఎంకన్న వచ్చాడు.

“ఎంకన్నా, ఆ చేత్తోనే నాలుగు జామ మొద్దులు కొట్టిపెట్టు నాయనా.”

“ఇది చెరకు కత్తి పిన్నీ. మొద్దులు కొడితే పదును పోద్ది.”

“పోతే మల్లీ నూరుకో. రాయి అరిగిపోతాదని నేనేడుస్తానేటి?”

ఎంకన్న కొట్టాడు. చెమట కారింది. గంజి ఇచ్చి, అతను తాగడం అయ్యాక, “ఎవుడి మీదరా?” అని మెల్లగా అడిగింది. పక్కగది రాంసరన్ ఎంకన్న కోడిని కోసుకు తిన్నాడట. పిన్ని అప్పుడే వెళ్ళి, వచ్చీరాని హిందీలో మాట్లాడి, రాంసరన్ చేత ఒక పెట్టను ఇప్పించింది. ఎంకన్న ఆ పెట్టకు రాంసరన్ అనే పేరు పెట్టి రోజూ పొద్దున్నే మేతకు గట్టిగా పిలిచేవాడు. లైనంతా నవ్వేది. కొన్నాళ్ళకు రాంసరన్ కూడా నవ్వాడు.

ఇక నా సంగతి. మా చేత పని చేయించే సర్దారు నన్ను ఎప్పుడూ దూరంగా, ఒంటరి చాలులో గడ్డి తీతకు వేసేవాడు. ఒకరోజు చెయ్యి పట్టుకోబోతే మట్టిగడ్డ తీసి మొహాన కొట్టాను. నుదురు చిట్లింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే మా ఆయన వాడి మీదికి పోయి జైలు పాలవుతాడని భయం. సర్దారు ఊరుకున్నాడా, నేనే వాడి వెంట పడుతున్నానని పదిమందిలో అన్నాడు. అది మా ఆయన చెవిన పడింది. మూడు రోజులు నాతో పలకలేదు. ఎందుకో అప్పటికి నాకు తెలియదు.

శనివారం సాయంత్రం నేను నీళ్ళ కడవతో వస్తుంటే, ఆయన పిన్ని గుమ్మం ముందు కత్తి నూరుతున్నాడు. పిన్ని మొద్దులు చూపించింది. ఆయన తలెత్తలేదు.

“నాకు పనుంది పిన్నీ.”

“ఆదివారం ఏటి పని అప్పన్నా?”

ఆయన నూరుతూనే ఉన్నాడు. పిన్ని వచ్చి ఆ తడిరాయి మీదే చతికిలబడింది.

“లే పిన్నీ.”

“నడుం పట్టేసింది నాయనా, లేవలేను. నీ పెళ్ళాన్ని నాలుగు రోజులు నా దగ్గరుంచు, నూనె రాస్తాది. నువ్వూ అన్నానికి ఇక్కడికే రా.”

ఆయన లేచి నిలబడ్డాడు. తర్వాత కత్తి అక్కడే పడేసి ఏటివైపు పోయాడు. నడుం పట్టేసిన మనిషి చటుక్కున లేచి, కత్తి లోపల దాచి, నా చేతిలో కడవ అందుకుంది.

నాకు ఒళ్ళు మండింది. “నన్ను పనిమనిషిని చేసుకుంటావా? ఆయనకి ఎవరు వండిపెడతారు?” అన్నాను.

అప్పుడు చెప్పింది. నేను రాకముందు ఆ లైనులో అచ్చమ్మ అనే పిల్ల ఉండేదట. “దాని మొగుడు శనివారం నూరుకున్నాడు. గోడ ఇవతల నాను ఇన్నాను. రేపు కోత నేదు కదా, ఎందుకు నూరతన్నాడూ అనుకున్నాను కూడా. అనుకుని, అన్నం కలుపుకుని తిన్నాను.” పొయ్యిలో పుల్ల ఎగదోసింది. “ఆదివారం దాన్ని పూడ్చినాం.” ఆ తర్వాతే రాయి తెప్పించి తన గుమ్మంలో పాతించిందట.

ఆ కత్తి ఎవరి కోసమో నాకు అప్పుడు తెలిసింది. సర్దారు సంగతంతా ఆమెకు చెప్పాను.

సోమవారం నుంచి ఆడవాళ్ళందరినీ కూడగట్టింది. ఒకరిని ఒంటరి చాలుకి పొమ్మంటే పదిమందీ అక్కడికే నడిచేవాళ్ళం. సర్దారు అరిచి అరిచి విసిగిపోయాడు. మంగళవారం మా ఆయనకు అన్నం వడ్డిస్తూ అడిగింది.

“కళ్ళతో సూసినావా, సెవుల్తో ఇన్నావా?”

“విన్నాను.”

“ఎవుడు సెప్పినాడు?”

“సర్దారే.”

“మరి దీన్ని అడిగినావా?”

ఆయన నావైపు చూశాడు. నేను మట్టిగడ్డ సంగతి చెప్పాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “వాడి నుదుటి మీద గాయం నీదేనా?” అన్నాడు. నాదే అన్నాను. చప్పున లేవబోయాడు.

“కూకో. ఆడి సంగతి మేం పదిమందిమి సూసుకుంటన్నాం. నువ్వు ఉరికంబం ఎక్కితే దీనికేటి లాభం? అన్నం తిను.”

తిన్నాడు. ఇంటికి పద అని ఆయన అడిగితే పిన్ని ఒప్పుకోలేదు. “దానికి రావాలనుంటే అదే వస్తాది” అంది. నేను ఇంకో తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాను. వెళ్ళిననాడు ఆయనే వండి ఉంచాడు. అన్నం అడుగంటి మాడిపోయింది. ఇద్దరం తిన్నాం. ఆ తర్వాత నలభై ఏళ్ళు కాపురం చేశాం, ఐదుగురిని పెంచాం. ఆయన మంచివాడా చెడ్డవాడా అని పిల్లలు అడిగితే నాకు ఒక్క మాటలో చెప్పడం రాదు. నేను బతికి ఉన్నది మాత్రం ఆమె తడిరాయి మీద కూర్చోబట్టి.

అరుపులు వినపడితే అందరూ పరుగెత్తుకెళ్తారు. మాటలు ఆగిపోయిన ఇంటికి ఎవరూ వెళ్ళరు. నేను వెళ్తాను. మొన్న పక్కింటి మొగుడూ పెళ్ళాల మాట రెండు రోజులుగా వినపడకపోతే గిన్నె పట్టుకుని వెళ్ళాను.

“కాస్త చింతపండు ఉందా అమ్మాయ్?”

“ఆజీ, మొన్ననే కదా పట్టుకెళ్ళావు.” ఇక్కడి పిల్లలు అవ్వను ఆజీ అంటారు.

“అయిపోయింది” అంటూ గుమ్మంలో చతికిలబడ్డాను.

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. గిన్నె అందుకుంది గానీ లోపలికి పోలేదు. గుమ్మంలోనే నా పక్కన కూర్చుంది.