మూడో పిలుపు నాది

అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో నా గది కిటికీ వీధివైపుకి ఉంటుంది. మొన్న ఆదివారం పొద్దున్నే కాఫీ కలుపుకుని అక్కడ కూర్చున్నాను. బయట పొగమంచు, ఎదురింటి మెయిల్‌బాక్స్ కూడా కనబడటం లేదు. ఆ తెలుపులోంచి టిక్ టిక్ టిక్ మంటూ ఒక చప్పుడు ఎడమనుంచి కుడికి వెళ్ళింది. పెడల్ తొక్కడం ఆపి సైకిల్‌ని దాని మానాన పోనిస్తే వెనక చక్రం చేసే చప్పుడది. మనిషి కనబడలేదు, సైకిలూ కనబడలేదు. నా చేతిలో కాఫీ ఒలికింది. మా అమ్మాయి వచ్చి, "ఏంటమ్మా, బీపీ చెక్ చేసుకున్నావా?" అంది. బీపీకి ఏం రోగం, బాగానే ఉంది. నాకు బెప్పె గారు గుర్తొచ్చారు, అంతే.

మేము కాలిఫోర్నియాలో లోడై అనే ఊరికి వచ్చింది 1979లో. చుట్టూ ద్రాక్షతోటలు, మధ్యలో ఒక నది, చెయ్యి పెట్టి చదును చేసినట్టుండే నేల. మా వారికి శాక్రమెంటోలో ఉద్యోగం, ఇంట్లో ఉన్నది ఒకే కారు. నాకు ఆరు మైళ్ళ దూరంలో ఒక వైనరీ ల్యాబ్‌లో పని దొరికింది. తెనాలి పిల్లని, కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసినదాన్ని, ద్రాక్షరసంలో పులుపెంతో తీపెంతో కొలవడం నాకో లెక్క కాదు. వెళ్ళడమే లెక్క. డ్రైవింగ్ టెస్ట్ మూడుసార్లు తప్పాను. మూడోసారి టెస్ట్ పెట్టిన పెద్దమనిషి మధ్యలోనే కారు దిగి, నాకు దండం పెట్టినంత పని చేసి, నడిచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నేను ఇంటి మెట్లమీద కూర్చుని ఏడుస్తుంటే పక్కింటి ముసలాయన కంచె దగ్గరికొచ్చి, సైకిల్ తొక్కడం వచ్చా అని అడిగారు. ఆయనే బెప్పె గారు. డెబ్బై ఏళ్ళవాడు, భార్య పోయి ఒంటరిగా ఉండేవాడు. నలభై ఏళ్ళు లోడై తోటల్లో ద్రాక్షతీగలు కత్తిరించిన మనిషి. అంతకు ముందు ఇటలీలో, పో అనే నది ఒడ్డున పుట్టి పెరిగినవాడు.

ఆయన షెడ్డులో అరడజను రేసు సైకిళ్ళు కొక్కేలకి వేలాడుతుండేవి. వాటిలో చిన్నదాన్ని దింపి, సీటు నాకు సరిపడా తగ్గించి ఇచ్చారు. చీరతో ఎక్కితే చైనులో పడి చస్తావన్నారు. మా వారి ప్యాంట్లు రెండు కత్తిరించి నాకు సరిపోయేలా కుట్టుకున్నాను. కార్లు రాని నది కట్టమీద, వంగిన కొమ్ముల హ్యాండిల్ పట్టుకుని, ఆయన వెనకాలే మూరెడు దూరంలో తొక్కడం నేర్పారు. ఎదురుగాలిని తను చీలుస్తానని, నన్ను తన వెనక దాక్కోమని అనేవారు. మొదట్లో ఆయన చక్రాన్నే చూస్తూ రెండుసార్లు వెళ్ళి దాన్నే గుద్దేశాను. "చక్రం చూడకు, నా నడుము చూడు," అన్నారు. "దేనికి భయపడి చూస్తావో దాని మీదే పడతావు." ఈ దేశంలో నా అంతట నేను ఒక చోటికి వెళ్ళగలిగింది ఆయన వల్ల. అది చిన్న విషయమని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అయితే ఆయనతో తొక్కుతుంటే ఒక్కోసారి అదోలా ఉండేది. కట్టమీద ఒకచోట తుప్పుపట్టిన పంప్‌హౌస్ ఉండేది. దాని ముందుకి రాగానే ఆయన టోపీ తీసేవారు. ఎందుకని అడిగితే, ఇది మా ఊరి చర్చి కదా అన్నారు, నాకు తెలియకపోవడమే వింత అన్నట్టు. ఇంకో మలుపు దగ్గర, ఇక్కడ వంతెన కింద కుక్క ఉంటుంది, జాగ్రత్త అనేవారు. అక్కడ వంతెనా లేదు, కుక్కా లేదు. కుడివైపు నది, ఎడమవైపు తోట, మధ్యలో ఎత్తైన కట్ట, అచ్చం వాళ్ళ ఊరి దారిలాగే ఉంటుందట. అది నాకు అర్థమైంది. కానీ ఆ లేని వంతెన దగ్గర నిజంగానే తోటలో ఏదో కదిలి, రెండుసార్లు నా కాళ్ళు పైకి లాక్కున్నాను. ఆయన తొక్కుతున్నది ఏ దేశపు దారో, వెనక నేను ఏ దారిలో ఉన్నానో అని అప్పుడప్పుడు సందేహం వచ్చేది.

డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడి పొగమంచు సంగతి చూస్తేగానీ నమ్మరు. నేలలోంచే పుట్టుకొస్తుంది. చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. ఆ రోజుల్లో నన్ను ఒంటరిగా పంపడానికి ఒప్పుకోక, రోజూ పొద్దున ఏడింటికి తనూ బయల్దేరి, నన్ను వైనరీ గేటు దాకా దింపి వెనక్కి వెళ్ళేవారు. వాళ్ళ ఊళ్ళో మంచులో తొక్కేవాళ్ళకి ఒక పద్ధతి ఉందని చెప్పారు. ముందున్నవాడు ప్రతి మలుపు దగ్గరా "ఉన్నావా?" అని వాళ్ళ భాషలో కేకేస్తాడు. వెనకున్నవాడు "చీ సోనో," అంటే ఉన్నాను అని, బదులు పలకాలి. బదులు రాకపోతే ముందువాడు వెనక్కి తిరిగి రావలసిందే.

ఇక్కడ నా చాదస్తం ఒకటి ఒప్పుకోవాలి. మనిషి మొహం కనబడనప్పుడు ఎవరైనా పిలిస్తే మూడో పిలుపు దాకా పలకకూడదని మా అమ్మమ్మ నూరిపోసింది. ఒక్కసారి, రెండుసార్లు పిలిచేది మనిషి కాకపోవచ్చట. ఎమ్మెస్సీ చదివినా అది నా నాలుకని వదల్లేదు. ఆయన మొదటిసారి కేకేస్తే నోరు పెగల్లేదు, రెండోసారీ అంతే, మూడోసారికి "చీ సోనో" అన్నాను. ఆయన వెనక్కి రాలేదు, కోప్పడలేదు. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ మూడేసి సార్లు పిలిచేవారు, నేను మూడోదానికి పలికేదాన్ని. పాపం నా భయం కనిపెట్టి సర్దుకున్నారని అనుకుంటూ రెండు చలికాలాలు గడిపాను.

ఒకరోజు ఆయన వంటింట్లో కాఫీ తాగుతూ ఆ మాటే చెప్పి, మీరు చాలా మంచివారండీ అన్నాను. ఆయన కప్పు కింద పెట్టారు.

"మొదటి రెండు పిలుపులూ నీవి కావు," అన్నారు. "అవి మా నీనోకి. మూడోదే నీది."

నీనో ఆయన తమ్ముడు. ఆయనకి పందొమ్మిది, తమ్ముడికి పదిహేడు ఉన్నప్పుడు ఇద్దరూ మంచులో కట్టమీద ఇంటికి వస్తున్నారట. ముందున్న అన్న మలుపులో పిలిచాడు, బదులు లేదు. ఇంకోసారి పిలిచాడు, లేదు. తమ్ముడు అల్లరివాడు, ఆట పట్టిస్తున్నాడనుకున్నాడు. మూడోసారి పిలవకుండా, చలికి ఓర్చుకోలేక, ఇంటికి వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. మర్నాడు తమ్ముడు నదిలో శవమై దొరికాడు. అప్పట్నించి మంచులో ఎక్కడ తొక్కినా ముందు వాణ్ణి రెండుసార్లు పిలుస్తానని, పలుకుతాడని కాదు, పిలవకపోతే కాలు పెడల్ మీద ఆగదని చెప్పారు. రెండు చలికాలాలుగా నేను ఎవరివో పిలుపులకి నోరు మూసుకుని, సరిగ్గా నా పిలుపుకే పలుకుతున్నాను.

1983 జనవరిలో ఒక బుధవారం. మంచు ముందటి రోజులకన్నా చిక్కగా ఉంది, నా ముందు చక్రమే నాకు కనబడటం లేదు. పంప్‌హౌస్ దాటాం. దాటామని, టోపీ తీయడానికి ఆయన పెడల్ ఆపినప్పటి టిక్ టిక్ చప్పుడుని బట్టి తెలిసింది. తర్వాతి మలుపులో ఆయన కేకేశారు, మొదటిది. అప్పుడు బదులు వచ్చింది. ఎడమవైపు, కట్ట కింద, తోటలోంచి, "చీ సోనో" అని. గొంతు మారే వయసు కుర్రాడి గొంతు. కాస్త సాగదీసి, నవ్వు ఆపుకుంటున్నట్టు అన్నాడు. దూరంనుంచి కాదు, మా పక్కనుంచే.

నేను బ్రేకులు నొక్కి ఒక కాలు నేలమీద పెట్టాను. ముందు ఆయన చక్రం టిక్ టిక్ మనడం ఆగింది. తర్వాత ఆ చప్పుడు మళ్ళీ మొదలై నాకేసి వచ్చి, నా పక్కనుంచే వెళ్ళింది. చెయ్యి చాపి ఉంటే ఆయన కోటు అందేది. చాపలేదు. "నువ్వు ఇక్కడే ఉండు, వాణ్ణి తీసుకొస్తాను," అన్నారు, చాలా మామూలుగా. సైకిల్ కట్ట దిగిపోయింది. ఎండుతీగలు విరుగుతున్న చప్పుడు కాసేపు వినిపించింది, తర్వాత అదీ లేదు. అప్పుడు పిలిచాను, గొంతు చించుకుని పిలిచాను, బెప్పె గారూ అని. ఎన్నిసార్లు పిలిచానో లెక్కలేదు. ఎవరూ పలకలేదు. సైకిల్ నడిపించుకుంటూ, గట్టు గడ్డిని కాలితో తడుముకుంటూ వైనరీకి చేరేసరికి గంట పట్టింది. మంచు విడిచాక మధ్యాహ్నం ఆయన తోటవాళ్ళకి దొరికారు. మోకాళ్ళ దాకా తడిసి, ఒక చెయ్యి విరిగి, తీగల వరస మధ్యన కూర్చుని ఉన్నారట, ఎవరితోనో మాట్లాడుతూ.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళేముందు జరిగింది జరిగినట్టు మా వారికి చెప్పాను. ఆయన విని, అక్కడ ఈ పిచ్చిమాటలు ఎత్తకు అన్నారు. గదిలో బెప్పె గారి కూతురు లిండా ఉంది, డాక్టరు ఉన్నాడు. తండ్రికి మతి చలించిందా, ఇక ఒంటరిగా ఉండనివ్వాలా వద్దా అన్న మాట నడుస్తోంది. ఇల్లు అమ్మేసి స్టాక్‌టన్‌లో వృద్ధాశ్రమంలో చేర్చాలని లిండా అంటోంది. ఆవిడ దుర్మార్గురాలేం కాదు, భయపడింది. బెప్పె గారు నన్ను చూడగానే లేచి కూర్చోబోయారు.

"నాకు మతి పోలేదు. ఈమెని అడగండి. ఈమె నా వెనకే ఉంది."

అందరూ నావైపు తిరిగారు. లిండా మెల్లగా అడిగింది, మీకేమైనా వినిపించిందా అని. దానికి నెల ముందే నన్ను ల్యాబ్‌కి ఇన్‌ఛార్జిని చేశారు. నా బొట్టు గురించి, నా యాస గురించి అక్కడ వెనకాల నవ్వుకునేవాళ్ళు ఉన్నారు. చచ్చినవాడి గొంతు విన్నదట అని ఈ చిన్న ఊళ్ళో పాకితే నా కొలతల్ని ఎవరు నమ్ముతారు? ఇదంతా ఒక్క క్షణంలో లెక్కేసుకున్నాను. నా పక్కన మా వారు దగ్గారు.

"లేదు," అన్నాను. "నాకేమీ వినిపించలేదు."

బెప్పె గారు కోప్పడి ఉంటే ఈ నలభై ఏళ్ళూ నాకు ఇంకాస్త సులువుగా గడిచేవి. కోప్పడలేదు. బాగున్న చేత్తో దుప్పటి పైకి లాక్కుని, "సరే," అన్నారు. లిండా నా భుజం తట్టి థాంక్స్ చెప్పింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు. వేసవికల్లా పక్కిల్లు అమ్ముడుపోయింది, షెడ్డు ఖాళీ అయింది. ఆయన మళ్ళీ సైకిల్ ఎక్కలేదు.

నాలుగోసారి డ్రైవింగ్ టెస్ట్ పాసై, నెలకోసారి స్టాక్‌టన్ వెళ్ళి ఆయన్ని చూసేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ చెప్పేద్దామనుకునేదాన్ని, ఆశ్రమం నర్సు అక్కడే ఉందనో, టైము లేదనో వాయిదా వేసేదాన్ని. ఆయన ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం ఆయన పక్కన కుర్చీ లాక్కుని, చెయ్యి పట్టుకుని చెప్పేశాను. బెప్పె గారూ, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను, మీ మతి సరిగ్గానే ఉంది, నేను కూడా విన్నాను, మొదటి పిలుపుకే నీనో పలికాడు అని. ఆయన శ్రద్ధగా విన్నారు. కొత్తవాళ్ళు ఏదైనా చెబుతుంటే మర్యాదగా వింటామే, అలా.

"నీనో ఎవరు?" అన్నారు.

ఆ చలికాలం దాటకుండానే ఆయన పోయారు. ఆ గొంతు విన్నవాళ్ళం లోకంలో ఇద్దరం. అడిగినప్పుడు చెప్పనిదాన్ని నేను. ఇప్పుడు అడిగేవాళ్ళు ఎవరూ లేరు, ఆ "చీ సోనో" మాత్రం నాకు అలాగే వినిపిస్తూనే ఉంది.